వాన కాలువను కింది నుంచి కట్టాలి

చిన్న పట్టణంలో సైడు కాలువ ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవడం తేలిక. ఎస్టిమేటు ఎక్కడ అయిపోయిందో కాలువా అక్కడే ఆగిపోతుంది. ఐదు లక్షల పని మంజూరైతే ఐదు లక్షలకు సరిపోయినన్ని మీటర్లు కడతారు. ఆ చివరి మీటరు దగ్గర ఎవరిదో ప్రహరీ గోడ ఉండొచ్చు, ఖాళీ ప్లాటు ఉండొచ్చు, పాడుబడ్డ బావి ఉండొచ్చు. అక్కడి నుంచి నీళ్ళు ఎటు పోవాలన్న మాట ఫైల్లో కనిపించదు. మరుసటి ఏడు ఇంకో పద్దు కింద నిధులొస్తే ఇంకో వీధిలో ఇంకో కాలువ. పదేళ్ళు గడిచేసరికి ఊరంతా కాలువలే. అయినా గంట వానకు బస్టాండు ముందు మోకాటి లోతు నీళ్ళు.

ఇక్కడ మాట్లాడుకునేది పది వేల నుంచి ముప్పై వేల జనాభా ఉన్న ఊళ్ళ గురించి. మండల కేంద్రాలు, నిన్నమొన్న మున్సిపాలిటీలైన పెద్ద గ్రామాలు. హైదరాబాద్ మునిగితే టీవీలో వారం రోజుల చర్చ నడుస్తుంది, ఈ ఊళ్ళు మునిగితే జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. నిజానికి బాగు చేసుకునే వీలు వీటికే ఎక్కువ. చుట్టూ ఇంకా ఖాళీ నేల ఉంది, చెరువులు ఇంకా మిగిలున్నాయి, వాగు ఇంకా వాగులాగే కనిపిస్తోంది. కాకపోతే పనిని తిరగేసి మొదలుపెట్టాలి. నీళ్ళు చివరికి ఎక్కడికి చేరాలో ముందు తేల్చి, ఆ కొస నుంచి వెనక్కి, మీది వీధుల వైపు ప్లాను గీయాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

మునకలు రెండు రకాలు

2023 జూలై 26, 27 తేదీల మధ్య ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెల్లవారేసరికి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచ వాగు ముంచెత్తింది. జనం డాబాల మీదికెక్కారు, కాపాడడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానలకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఏం చేశాయో అందరికీ తెలుసు.

ఇవి మోరీలతో, అంటే వీధి సైడు కాలువలతో, తీరే సంగతులు కావు. ఆరు వందల మిల్లీమీటర్ల వానకు సరిపడా సైడు కాలువను ఎవరూ కట్టలేరు. అక్కడ చేయగలిగిందల్లా వాగు ఒడ్డున ఇళ్ళు లేవకుండా ఆపడం, పైన ఏ చెరువు కట్ట బలహీనంగా ఉందో ముందే చూసుకోవడం, రాత్రిపూట కూడా జనాన్ని లేపి తరలించే ఏర్పాటు పెట్టుకోవడం.

రెండో రకం మునక ఉంది. రోజంతా ఎండ కాసి సాయంత్రం ఉరుములతో గంటసేపు దంచికొట్టే వాన. ప్రాణాలు పోవు గానీ కిరాణా కొట్లలోకి, పంచాయతీ ఆఫీసులోకి, బడిలోకి మురికి నీళ్ళు వస్తాయి. ఏటా రెండు మూడుసార్లు వస్తాయి. ఈ వ్యాసంలో లెక్క వేసేది ఈ మునకకే. రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్ల ఒక నష్టం జరుగుతోంది. వాగు వరద ఫొటో చూపించి వీధి కాలువకు నిధులు అడుగుతారు, ఆ కాలువ వాగు వరదను ఆపదు, వీధి నీళ్ళనూ తీయదు.

వాన తక్కువ పడే ప్రాంతం కదా, మనకెందుకు అనుకునేవాళ్ళు అనంతపురాన్ని గుర్తు చేసుకోవాలి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. 2022 అక్టోబరులో అక్కడ పండమేరు వంక పొంగి కాలనీలే మునిగాయి. ఎండిన ఏళ్ళు వరసగా వస్తేనే వంకలోకి ఇళ్ళు దిగుతాయి. సగటు వాన తక్కువైన కొద్దీ జనానికి వంక మీద భయం తగ్గుతుంది.

ఎన్ని నీళ్ళొస్తాయి?

వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. రైతుకు, చెరువుకు ఈ లెక్క సరిపోతుంది. మోరీకి సరిపోదు. 60 మిల్లీమీటర్లు రోజంతా జల్లుగా పడితే కాలువలో చెంబెడు నీళ్ళు పారతాయి, అదే 60 ఒక్క గంటలో పడితే వీధి మునుగుతుంది. కాబట్టి కావలసింది గంట లెక్క, వీలైతే పావుగంట లెక్క. తెలంగాణలో ప్రణాళికా సంస్థ పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి, అంటే మీ మండలంలోనూ ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. దాని పాత రికార్డు తీయకుండా గీసిన డ్రైనేజీ ప్లానును నమ్మాల్సిన పని లేదు.

నీళ్ళ లెక్కకు ఇంజినీర్లు ఎప్పటినుంచో వాడుతున్న సూత్రం సులువైనదే. ఎన్ని హెక్టార్ల నేల, గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన, పడిన దాంట్లో ఎంత వంతు ఇంకకుండా పారుతుంది. ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. చిన్న ప్రాంతాలకు ఇది చాలు.

ఒక వార్డును ఊహించుకుందాం. 20 హెక్టార్లు, అంటే దాదాపు 50 ఎకరాలు. వాన గంటకు 60 మిల్లీమీటర్లు. పాతికేళ్ళ కిందట అక్కడ పెంకుటిళ్ళు, మట్టి వాకిళ్ళు, పెరళ్ళు, మధ్యలో జొన్న చేలు ఉండేవి. పడిన వానలో 30 శాతం పారేదనుకుంటే సెకనుకు ఒక ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్లు. ఇప్పుడు సీసీ రోడ్లు, స్లాబు ఇళ్ళు, వాకిట్లో కూడా సిమెంటు. 75 శాతం పారుతుంది. అదే వానకు సెకనుకు రెండున్నర వేల లీటర్లు. వాన పెరగలేదు, వార్డు విస్తీర్ణం పెరగలేదు, నీళ్ళు మాత్రం రెండున్నర రెట్లయ్యాయి. పట్టణ వరదల మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా ముందుకెళ్ళి, రాబోయే కట్టడాలను కూడా దృష్టిలో పెట్టుకుని ఈ వంతును 95 శాతం దాకా తీసుకోమన్నాయి. చిన్న ఊరికి అంత అవసరమా అన్నది చర్చించుకోవచ్చు. నా మటుకు మాస్టర్ ప్లానులో ఇళ్ళ స్థలాలుగా చూపించిన ప్రతి ఎకరాన్నీ ఇప్పుడే సిమెంటు కింద లెక్కేసుకోవడం మంచిదనిపిస్తుంది.

ఇక కాలువ సంగతి. వీధుల్లో కనిపించే మామూలు మోరి అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. మీటరుకు రెండు మిల్లీమీటర్ల వాలుంటే, నున్నటి సిమెంటు గోడలైతే, నిండుగా పారినా సెకనుకు సుమారు 170 లీటర్లు మోస్తుంది. సగం పూడిక ఉంటే 70. రెండున్నర వేల లీటర్లకు 170 లీటర్ల మోరి! ఇలాంటివి పదిహేను ఒకేచోట కలిస్తే గానీ వార్డు నీళ్ళు పోవు. అంటే వీధి మోరీలు ఎన్ని ఉన్నా, వాటన్నిటినీ అందుకుని బయటికి తీసుకెళ్ళే ప్రధాన కాలువ ఒకటి ఉండాలి. ఈ వార్డుకైతే అది మీటరున్నర వెడల్పు, మీటరు లోతు. చాలా ఊళ్ళలో లేనిది అదే. కారణమూ తెలిసిందే. వీధి మోరి ఒక వార్డు సభ్యుడు సాధించుకొచ్చే పని. ప్రధాన కాలువ నాలుగు వార్డుల్లోంచి పోతుంది, దాన్ని నా పని అని చెప్పుకునేవాడు ఉండడు.

వాలు తగ్గితే ఏమవుతుందో కూడా చూడాలి. అదే మీటరున్నర కాలువకు మీటరుకు రెండు మిల్లీమీటర్ల బదులు అర మిల్లీమీటరు వాలే దొరికితే మోసే నీళ్ళు సగానికి పడిపోతాయి. పైగా వేగం తగ్గి మట్టి అడుగున దిగిపోతుంది. కాబట్టి ఎన్ని మీటర్ల కాలువ కట్టారన్నది కాదు, ఎంత వాలులో కట్టారన్నది అడగాలి.

కింది కొస నుంచి లెక్క

ప్లానును కింది నుంచి గీయాలని ఎందుకంటున్నానో ఒక లెక్కతో చూపిస్తాను. ఊరి నీళ్ళు చెరువులో కలవాలనుకుందాం. చెరువు నిండినప్పటి నీటి మట్టాన్ని, అంటే మత్తడి (నిండిన చెరువు పొర్లిపోయే గోడ) దుంకే మట్టాన్ని, 100.00 మీటర్లు అనుకోండి. బస్టాండు దగ్గర రోడ్డు మట్టం 102.20. మధ్య దూరం 800 మీటర్లు.

పై నుంచి కట్టుకుంటూ వచ్చే కాంట్రాక్టరు రోడ్డు నుంచి మీటరు లోతు తవ్వుతాడు, అడుగు మట్టం 101.20. మీటరుకు రెండు మిల్లీమీటర్ల చొప్పున 800 మీటర్లకు 1.60 మీటర్లు దిగాలి. చెరువు దగ్గరికి చేరేసరికి కాలువ అడుగు 99.60. అంటే చెరువు నిండు మట్టానికి 40 సెంటీమీటర్లు కింద. జూన్‌లో పని బ్రహ్మాండంగా ఉంటుంది, ప్రారంభోత్సవం కూడా జరుగుతుంది. సెప్టెంబరులో చెరువు నిండిన రోజున చివరి 200 మీటర్ల కాలువలో చెరువు నీళ్ళు నిలబడి ఉంటాయి. ఊరి నీళ్ళు వాటిని తోసుకుంటూ నెమ్మదిగా పోవాలి. మట్టి అంతా ఆ 200 మీటర్లలోనే పేరుకుంటుంది.

కింది నుంచి గీస్తే ఏమవుతుంది? చెరువు దగ్గర కాలువ అడుగు 100.00 దగ్గర మొదలుపెడతాం. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి 101.60. రోడ్డు 102.20 కాబట్టి మనకు దొరికే లోతు 60 సెంటీమీటర్లే. కాలువ లోతుగా కాక వెడల్పుగా ఉండాలని అప్పుడు అర్థమవుతుంది. మీటరున్నర బదులు రెండున్నర మీటర్ల పైచిలుకు వెడల్పు కావాలి. పైన కాస్త ఖాళీ కూడా వదలాలి, లెక్క తేలిగ్గా ఉండడానికి ఇక్కడ దాన్ని పక్కన పెట్టాను. అంత వెడల్పుకు స్థలం లేదంటే ఇంకో దారి వెతకాలి. చెరువును వదిలి మత్తడి కింది వాగులో కలపడమా, నీళ్ళను రెండుగా చీల్చి రెండు వైపులా పంపడమా? ఈ ప్రశ్నలు కాగితం మీద ఉండగా వస్తే ఖర్చు లేదు. కాంక్రీటు పోశాక వస్తే జవాబు ఉండదు.

దీనికి ఊరంతటికీ లెవెల్స్, అంటే ఏ చోటు ఎంత ఎత్తులో ఉందన్న కొలతలు, కావాలి. టోపోషీటు (సర్వే శాఖ వేసిన పటం) సరిపోదు. అందులో మట్టం గీతలు 20 మీటర్లకొకటి ఉంటాయి, ఊరి మొత్తం వాలే మూడు నాలుగు మీటర్లు ఉండొచ్చు. ఆటో లెవెల్ అనే ఎత్తు కొలిచే పరికరంతో ప్రతి వీధి మలుపులో, ప్రతి కల్వర్టు అడుగున, చెరువు తూముల దగ్గర, మత్తడి మీద రీడింగులు తీయించాలి. ఒక్క మోరి కట్టే ఖర్చులో చిన్న భాగంతో అయిపోయే పని. దాంతోపాటు రెవెన్యూ నక్షా (ఊరి పటం), టీపన్లు (సర్వే నంబర్ల కొలత పటాలు) ముందేసుకోవాలి. ఇప్పుడు కంటికి కనిపించని ఒర్రె (చిన్న వాగు) నక్షాలో గీతగా ఉంటుంది, ఆ గీత మీద ఏ సర్వే నంబరులో ఏ వెంచరు లేచిందో తెలిసిపోతుంది. మిగతాది పెద్దవాళ్ళను అడగాలి. ఫలానా ఏడు నీళ్ళు ఎవరి అరుగు దాకా వచ్చాయో ఊళ్ళో కనీసం నలుగురు చెప్పగలరు, మరకలు చూపించగలరు.

లెవెల్స్ వచ్చాక ఇంకో విషయం బయటపడుతుంది. ఊరి మీద పడే వాన కంటే ఊళ్ళోకి వచ్చే వాన ఎక్కువ. గుట్ట వైపు, చేల వైపు 150 హెక్టార్ల నేల ఊరి మీదికి వాలి ఉందనుకోండి. అక్కడ పావు వంతే పారినా, దూరం నుంచి రావాలి కాబట్టి వాన జోరును గంటకు 50 మిల్లీమీటర్లుగానే తీసుకున్నా, సెకనుకు ఐదు వేల లీటర్లు దాటుతుంది. మన వార్డు నీళ్ళకు రెట్టింపు. దీన్ని ఊళ్ళోకి రానిచ్చి, తర్వాత మోరీలతో బయటికి పంపాలనుకోవడం డబ్బు తగలేయడమే. ఊరికి మీది వైపున అడ్డంగా మట్టి కాలువ ఒకటి తవ్వి, వచ్చే నీళ్ళను ఊరు చుట్టూ తిప్పి కుంటలోకో వాగులోకో వదిలితే సగం సమస్య బయటే తీరుతుంది. మట్టి కాలువే కాబట్టి చవక. అయితే అది ఎవరి చేల పక్క నుంచి పోతుందో, చివర్లో ఎవరి పొలం మీద పడుతుందో వాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడాలి. రాత్రికి రాత్రే గండి పడే కాలువలు చాలావరకు ఈ మాట్లాడుకోవడం జరగనివే.

చెరువు ఎవరి పక్షం?

తెలంగాణ, రాయలసీమ ఊళ్ళు చాలావరకు గొలుసుకట్టు చెరువుల కింద పుట్టినవి. పై చెరువు మత్తడి పారితే కింది కుంట, అది నిండితే దాని కిందిది, చివరికి వాగు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్దవే కాక, పేరు కూడా సరిగా గుర్తులేని ఊరి కుంటలూ ఈ గొలుసులో లింకులే. వాన నీటి ప్లాను అని మనం కొత్తగా వెతికేది ఆ గొలుసులో చాలావరకు సిద్ధంగా ఉంది. దాన్ని సాగు కోసం కట్టారు, కానీ ఒక్కసారిగా వచ్చే నీళ్ళను ఆపి నెమ్మదిగా వదలడం కూడా అదే చేస్తుంది.

ఎంత ఆపగలదో చూద్దాం. మన వార్డులో గంట వానకు పారే నీళ్ళు మొత్తం 90 లక్షల లీటర్లు. ఎకరం కుంటలో ఒక మీటరు ఖాళీ ఉంటే 40 లక్షల లీటర్లు పడతాయి. రెండెకరాల పైచిలుకు కుంట ఒకటి వార్డు నీళ్ళన్నిటినీ మింగేయగలదు. దాని కింద కట్టే కాలువ చిన్నదైనా సరిపోతుంది. ఆ రెండెకరాలను పూడ్చి ప్లాట్లు చేస్తే ఆ మింగే పని కూడా కాలువే చేయాలి, అప్పుడు కాలువ ఎంత పెద్దదైనా చాలదు. శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, ఇల్లు కట్టినవాడు తన ఇంట్లోకి నీళ్ళొచ్చాయని ఫిర్యాదు చేసినప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ ప్లాటుకు రిజిస్ట్రేషన్ చేసినవాళ్ళను, ఇంటి నంబరు ఇచ్చినవాళ్ళను, కరెంటు మీటరు పెట్టినవాళ్ళను కూడా అదే వరసలో నిలబెట్టాలి.

చట్టం లేక కాదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భవన నియమాలు (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలా పక్కన 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా చెరువుల రక్షణ గురించి చెబుతుంది. చిన్న ఊళ్ళలో తేలనిది హద్దే. నిండు మట్టం ఎక్కడిదాకా వస్తుందో నేల మీద రాళ్ళు పాతి ఉండవు. హద్దు రాయి లేని చోట 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

ఇప్పుడు చిక్కు ముడి. వాన నీటిని ఆపాలంటే చెరువులో ఖాళీ ఉండాలి. ఆయకట్టు రైతుకు చెరువు నిండి ఉండాలి. మత్స్యకారుల సంఘానికి నీళ్ళు ఉండడమే కాదు, చేప పిల్లలు మత్తడి దాటిపోకుండానూ ఉండాలి. అందుకని మత్తడికి జాలీలు కడతారు. ఆ జాలీలకు గుర్రపుడెక్క, చెత్త అడ్డం పడి మత్తడి పారడం తగ్గుతుంది, నీళ్ళు వెనక్కి లేస్తాయి. కొన్నిచోట్ల ఇంకో తడికి నీళ్ళుంటాయని మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచుతారు. కట్టకు అదెంత ప్రమాదమో పేర్చేవాళ్ళకు తెలియక కాదు, ఎండిన ఏళ్ళు వాళ్ళకు ఇంకా బాగా గుర్తున్నాయి. ఎవరి కోరికా తప్పు కాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీయించి చెరువుల్లో చోటు పెంచింది. కానీ ఆ చోటు ఎప్పుడు నింపాలి, ఎప్పుడు ఖాళీ ఉంచాలి అన్న ఒప్పందం పూడికతీతతో రాదు.

ఆ ఒప్పందాన్ని ఊరే కుదుర్చుకోవాలి. ఆగస్టు చివరిదాకా నిండు మట్టానికి అర మీటరు కింద ఉంచడం, ఆ తర్వాత నిండనివ్వడం ఒక పద్ధతి. భారీ వాన హెచ్చరిక వచ్చిన రోజు తూము తీసి వదలడం ఇంకోటి, కానీ పాత తూములు నీళ్ళు నెమ్మదిగా వదులుతాయి, ఒక్క రోజులో చెరువు పెద్దగా దిగదు. అందుకే మొదటిదే మేలు. పెద్ద వాన వచ్చే వారం మాత్రం జాలీలు తీసేయాలి, ఇందులో బేరం ఉండకూడదు. తూము తీసే మనిషి ఎవరు? ఒకప్పుడు నీరటి ఉండేవాడు, ఏ గట్టు దగ్గర నీళ్ళు ఎంతకు లేస్తాయో అతని నోట్లో ఉండేది. ఆ పని ఇప్పుడు కాగితం మీద ఇరిగేషన్ శాఖది, రాత్రి పూట ఎవరిదీ కాదు. వానాకాలం నాలుగు నెలలకు జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవడం మొత్తం ప్లానులో అతి చవకైన అంశం.

రోడ్డే కట్ట అయినప్పుడు

బైపాసు వచ్చాక మునగడం మొదలైన కాలనీలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. నేలకు రెండు మీటర్ల ఎత్తున పోసిన రోడ్డు నీళ్ళకు చెరువు కట్ట లాంటిదే, తేడా ఏమిటంటే దానికి మత్తడి ఉండదు. కింద పెట్టిన పైపులు అప్పటి చేల నీళ్ళకు వేసిన లెక్క. 900 మిల్లీమీటర్ల పైపు ఒకటి సెకనుకు వెయ్యి లీటర్ల దాకా మోస్తుంది. రోడ్డుకు మీది వైపు వెంచర్లు లేచాక అదే పైపులోంచి రెండున్నర వేలు పోవాలి, పైగా దాని మూతి దగ్గర ప్లాస్టిక్ సంచులు. రోడ్డు వేసే శాఖ వేరు, ఊరు వేరు, వెంచరుకు అనుమతిచ్చేది ఇంకొకరు. అందుకే రోడ్డు డిజైను దశలోనే పంచాయతీ లేదా మున్సిపాలిటీ తన నీళ్ళ లెక్క కాగితం మీద రాసి ఆ శాఖకు ఇవ్వాలి. తర్వాత రోడ్డు కోసి పైపులు పెట్టించడం ఎంత కష్టమో ప్రయత్నించిన ఊళ్ళకు తెలుసు.

ఊళ్ళో జరిగేది దీనికి చిన్న రూపం. పాత సీసీ రోడ్డు తవ్వకుండానే దాని మీద కొత్త రోడ్డు పోస్తారు. ఒక్కో పొర 15 నుంచి 20 సెంటీమీటర్లు. రెండు పొరలయ్యేసరికి రోడ్డు అడుగు పైనే లేచి, పాత ఇళ్ళ గడపలు రోడ్డు కిందికి పోతాయి. కాలువ ఎంత బాగా కట్టినా ఆ ఇళ్ళ నీళ్ళు అందులోకి ఎక్కవు. స్తోమత ఉన్నవాళ్ళు ఇంటి అడుగు లేపి మళ్ళీ కట్టుకుంటారు, లేనివాళ్ళు వానాకాలమంతా గడప ముందు ఇసుక బస్తాతో బతుకుతారు.

ఇంకుడు గుంతల మీద ఒక మాట

ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్విస్తే వరద తగ్గుతుందని ప్రచారం. భూగర్భ జలానికి అవి మంచివే, ఆ విషయంలో అనుమానం లేదు. వరదకు మాత్రం లెక్క కుదరదు. మీటరున్నర పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతను రాళ్ళతో నింపితే మిగిలే ఖాళీలో పట్టేది 1,350 లీటర్లు. వంద చదరపు మీటర్ల డాబా మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చేది 6,000 లీటర్లు. పావుగంట లోపే గుంత నిండి పొర్లుతుంది. వార్డులో 400 ఇళ్ళూ తవ్వుకున్నా ఆపేది 90 లక్షల్లో 5 లక్షల 40 వేల లీటర్లు, ఆరు శాతం. నల్లరేగడి నేలలో అదీ సరిగా ఇంకదు. అందుకని ఇంకుడు గుంతలను నీటి కోసం తవ్వుకుందాం, వరద ప్లాను పేరుతో వాటిని లెక్కలో చూపించి కుంటను వదిలేయొద్దు.

మురుగు, పూడిక, మూతలు

చిన్న ఊళ్ళలో భూగర్భ డ్రైనేజీ ఉండదు. స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, కొన్ని చోట్ల సెప్టిక్ ట్యాంకు పొర్లు కూడా వాన కాలువలోకే వస్తాయి. 400 ఇళ్ళ వాడకం నీళ్ళు సెకనుకు రెండు లీటర్లు కూడా ఉండవు. రెండున్నర వేల లీటర్ల కోసం కట్టిన వెడల్పు కాలువ అడుగున రెండు లీటర్లు పారితే అవి పారవు, నిలుస్తాయి. దోమలు, కంపు, పూడిక అక్కడ మొదలవుతాయి. దీనికి పాత ఉపాయం ఒకటుంది. కాలువ అడుగును చదునుగా కాక మధ్యలోకి వాలుగా పోసి, నట్టనడుమ జానెడు గాడి వదిలితే రోజువారీ నీళ్ళు ఆ గాడిలో వేగంగా పోతాయి. వాన వచ్చినప్పుడు మొత్తం కాలువ పారుతుంది. ఖర్చు పెద్దగా పెరగదు, పని చేయించేవాడికి ఓపిక కావాలి. చెరువులో కలిసే చోట ఈ రోజువారీ మురుగును పక్కకు మళ్ళించి చిన్న శుద్ధి గుంటలోకి పంపాలి, లేదంటే ఏడాదిలో చెరువు నిండా గుర్రపుడెక్కే.

పూడిక మే నెలలో తీస్తారు. తీసి కాలువ ఒడ్డునే కుప్పలు పోస్తారు. తొలకరికి అది మళ్ళీ కాలువలోకి దిగుతుంది. తీయడానికీ ఎత్తడానికీ కలిపి ఒకే బిల్లు పెట్టి, బండి బయటికెళ్ళాకే డబ్బులిస్తే ఈ విడ్డూరం ఆగుతుంది. దుకాణాల ముందు కాలువ మీద పోసిన స్లాబుల సంగతి రాజకీయం. తీసేయమంటే ఎవరూ తీయరు. పది అడుగులకొకచోట ఎత్తగలిగే మూత పెట్టమనడం మధ్యే మార్గం.

ఏది ముందు?

ఏ వానకు కట్టాలన్నది చివరికి ఊరు తీసుకోవలసిన నిర్ణయం. ఇంజినీర్లు మామూలుగా వీధి మోరీకి రెండేళ్ళకోసారి వచ్చే వాన, ప్రధాన కాలువకు ఐదు లేదా పదేళ్ళకోసారి వచ్చే వాన, వాగు మీది వంతెనకు అంతకంటే చాలా పెద్దది తీసుకుంటారు. పదేళ్ళకోసారి అంటే పదేళ్ళు నిశ్చింత అని కాదు. ఆ పదేళ్ళలో కనీసం ఒకసారి దాన్ని మించే వాన రావడానికి 65 శాతం అవకాశం ఉంది. కాబట్టి కాలువ పొర్లిన రోజున నీళ్ళు ఏ రోడ్డు మీదుగా పోవాలో కూడా ప్లానులో గీయాలి. ఆ రోడ్డును పక్క ఇళ్ళకంటే కిందుగా ఉంచి, చివర బడి మైదానంలోకో మార్కెట్ యార్డు ఖాళీ స్థలంలోకో వదిలితే రెండు గంటలు నీళ్ళు నిలిచి దిగిపోతాయి, ఇళ్ళలోకి రావు.

డబ్బు గురించి. అంతా ఒకేసారి కట్టే స్తోమత ఏ చిన్న ఊరికీ ఉండదు, అవసరమూ లేదు. 15వ ఆర్థిక సంఘం గ్రామ పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని పారిశుద్ధ్యం, తాగునీరు, వాన నీటి సంరక్షణ లాంటి పనులకే ముడిపెట్టింది. ఇలాంటి ముక్కలు ఏటా వస్తూనే ఉంటాయి. ప్లాను ఉంటే ప్రతి ముక్కా ఒకే గీత మీద పడుతుంది. మొదటి ఏడు లెవెల్స్, చెరువు హద్దు రాళ్ళు, మత్తడి మరమ్మతు, ఊరి మీది వైపు మట్టి కాలువ. ఇందులో రిబ్బన్ కత్తిరించే పని ఒక్కటీ లేదు, అదే దీనికి పెద్ద అడ్డంకి. రెండో ఏడు చెరువు దగ్గర నుంచి ప్రధాన కాలువ మొదటి ముక్క. డబ్బు అయిపోయిన చోట ఆగినా నష్టం లేదు, ఎందుకంటే అది కిందికి తెరుచుకునే ఉంటుంది. మూడో ఏడు అక్కడి నుంచి మీదికి. వీధి మోరీల వంతు ఆ తర్వాతే.

ఈలోగా ఖర్చు లేని పని ఒకటుంది. లెవెల్స్ తీసినప్పుడు ప్రతి వీధి మలుపులో, పంచాయతీ ఆఫీసు మెట్టు మీద, బడి గోడ మీద ఎర్ర రంగుతో మట్టం రాయించి, ఆ అంకెల పట్టికను కౌన్సిల్‌లోనో గ్రామసభలోనో తీర్మానంగా నమోదు చేయాలి. ఇకమీదట సీసీ రోడ్డుకో, మోరీకో, కల్వర్టుకో, వెంచరు లేఅవుట్‌కో వచ్చే ప్రతి కాగితంలో మొదటి కొస మట్టం, చివరి కొస మట్టం, నీళ్ళు ఎందులో కలుస్తాయన్నది రాసి ఉండాలని, ఆ మూడు గళ్ళు ఖాళీగా ఉంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకం పెట్టకూడదని అదే తీర్మానంలో చేర్చొచ్చు.